డివైస్ డ్రైవర్‌లో బగ్ దిద్దుబాటు

ప్రింటర్, నెట్‌వర్క్ కార్డు, హార్డ్ డిస్కు, వేలిముద్రల స్కానర్ వంటి పరికరాలకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య నిలిచి రెంటికీ మాట కలిపే ప్రోగ్రామును డివైస్ డ్రైవర్ అంటారు. అందులోని తప్పు ఎక్కడుందో పట్టుకోవడం, కారణం తేల్చడం, కోడు మార్చడం, ఆ మార్పు వల్ల ఇంకేదీ చెడలేదని నిర్ధారించుకోవడం, ఇవన్నీ కలిస్తే డ్రైవర్ బగ్ దిద్దుబాటు అవుతుంది. కంప్యూటర్ రిపేరు షాపులో 'డ్రైవర్ వేయడం' అనే పని వేరు. అక్కడ ఉన్న డ్రైవర్‌ను తీసేసి మళ్లీ ఎక్కిస్తారు, లేదా కొత్త వెర్షన్ పెడతారు. ఫైలు పాడైతే అది చాలు. కోడులోనే తప్పుంటే ఎన్నిసార్లు ఎక్కించినా అదే తప్పు తిరిగి వస్తుంది.

మామూలు ప్రోగ్రాములో బగ్ ఉంటే ఆ ఒక్క ప్రోగ్రామే ఆగిపోతుంది. డ్రైవర్ చాలావరకు ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నల్ లోపల, కెర్నల్‌కున్న అధికారాలన్నిటితో నడుస్తుంది కాబట్టి అది ఒక తప్పు చిరునామాలో రాస్తే మొత్తం యంత్రమే పడిపోవచ్చు. విండోస్‌లో బ్లూ స్క్రీన్‌గా, లినక్స్‌లో ఊప్స్ సందేశంగా లేదా కెర్నల్ ప్యానిక్‌గా కనిపించేది ఇదే. లినక్స్ కెర్నల్ కోడులో సగానికి పైగా డ్రైవర్లదే. 2001లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఆ కోడును యాంత్రికంగా పరిశీలించినప్పుడు, కెర్నల్‌లోని మిగతా భాగాలతో పోలిస్తే డ్రైవర్లలో తప్పుల రేటు మూడు నుంచి ఏడు రెట్ల దాకా ఉందని తేలింది. విండోస్ ఎక్స్‌పీ వైఫల్యాల్లో 85 శాతం డ్రైవర్ల వల్లేనని 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారి పత్రం పేర్కొంది. డ్రైవర్లు రాసేవారికి తెలివి తక్కువై ఈ లెక్కలు రాలేదు. వారి కోడులో సగం లెక్క పరికరం లోపల, కంటికి కనిపించని చోట ఉంటుంది. పరికరం ఎలా నడుచుకుంటుందో తయారీదారు ఇచ్చిన డేటాషీట్ చెబుతుంది. డేటాషీట్‌లోనూ తప్పులుంటాయి. చిప్‌లో ఉన్న లోపాలను తర్వాత ఎర్రాటా పేరుతో విడిగా ప్రకటిస్తారు.

డ్రైవర్ పనితీరు

పీసీఐ, యూఎస్‌బీ పరికరాలు తగిలించగానే తయారీదారు సంఖ్యను, పరికరం సంఖ్యను చెబుతాయి. రెండూ 16 బిట్ల సంఖ్యలు. కెర్నల్ వాటిని తన పట్టికల్లో వెతికి, సరిపోయిన డ్రైవర్‌లోని ప్రోబ్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. అక్కడి నుంచి డ్రైవర్ మూడు దారుల్లో పని నడుపుతుంది. పరికరం రిజిస్టర్లలో విలువలు రాసి ఆదేశాలిస్తుంది. పని అయ్యాక పరికరం ఇంటరప్ట్ పంపితే అందుకుంటుంది. పెద్ద మొత్తంలో డేటా ఉంటే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పరికరమే నేరుగా మెమరీలోకి రాసుకునేలా డీఎంఏ ఏర్పాటు చేస్తుంది. బగ్‌లలో అధిక భాగం ఈ మూడు దారుల దగ్గరే పుడతాయి. ఆగిన పరికరాన్ని మళ్లీ లేపడం, తీసేసిన పరికరాన్ని మర్యాదగా వదిలిపెట్టడం నాలుగో చోటు. దాన్ని చాలామంది చివరి నిమిషంలో రాస్తారు, అందుకే అక్కడ తప్పులు ఎక్కువ.

తప్పులు పుట్టే తీరు

రిజిస్టర్‌లో రాసిన విలువ వెంటనే పరికరానికి చేరుతుందనుకోవడం పాత పొరపాటు. పీసీఐ బస్సులో రాతలు దారిలోని వంతెన చిప్‌లలో కాసేపు ఆగవచ్చు. 'ఇంటరప్ట్ ఆపు' అని రాసిన డ్రైవర్, పని అయిపోయిందని నమ్మి మెమరీని వదిలేస్తే, ఆదేశం ఇంకా అందని పరికరం మరో ఇంటరప్ట్ పంపుతుంది. రాసిన వెంటనే అదే పరికరం నుంచి ఒక రిజిస్టర్‌ను చదివితే, ఆగిన రాతలన్నీ ముందు చేరాకే ఆ చదువు పూర్తవుతుంది. ఆ ఒక్క చదువు చేర్చడమే ఎన్నో డ్రైవర్లలో దిద్దుబాటు అయింది. తెలియనివారికి అది పనికిరాని వరుసలా కనిపిస్తుంది కాబట్టి, ఎందుకు పెట్టారో పక్కనే వ్యాఖ్య రాయకపోతే తర్వాత వచ్చినవారు శుభ్రం చేస్తున్నామనుకుని తీసేస్తారు.

ఇంటరప్ట్ వచ్చినప్పుడు అది తనదేనని ఏ డ్రైవరూ ఒప్పుకోకపోతే లినక్స్ లెక్క పెట్టుకుంటుంది. ఒక లైనులో వచ్చిన 1,00,000 ఇంటరప్టుల్లో 99,900 కంటే ఎక్కువ అనాథగా మిగిలితే ఆ లైనునే మూసేసి, 'నోబడీ కేర్డ్' అని లాగ్‌లో రాస్తుంది. అదే లైను పంచుకున్న నిర్దోషి పరికరం కూడా అప్పుడు మూగబోతుంది. ఫిర్యాదు మాత్రం దాని డ్రైవర్ మీదికి వస్తుంది.

కొన్ని పరికరాలు 32 బిట్ల చిరునామాలే పంపగలవు, అంటే 4 జీబీ దాటిన మెమరీని తాకలేవు. ఆ సంగతి డ్రైవర్ కెర్నల్‌కు సరిగా చెప్పకపోతే, అంతకంటే తక్కువ మెమరీ ఉన్న యంత్రంలో ఏళ్ల తరబడి బాగా నడిచిన కార్డు 8 జీబీ వేసిన రోజు నుంచి అప్పుడప్పుడు డేటాను పాడుచేస్తుంది. మెమరీ స్టిక్ మీద అనుమానం పడటం సహజం. అసలు తప్పు, చిరునామాకు ఎన్ని బిట్లో చెప్పే ఒక మాస్క్ విలువలో, డ్రైవర్‌లోనే ఉంటుంది.

పరికరమే తప్పు చెప్పే సందర్భాలూ తక్కువేమీ కావు. స్కజీ ఆదేశాల ప్రకారం సామర్థ్యం అడిగితే డిస్కు తన చివరి బ్లాకు సంఖ్యను చెప్పాలి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి అది మొత్తం బ్లాకుల కంటే ఒకటి తక్కువ. కొన్ని యూఎస్‌బీ డిస్కులు, కార్డు రీడర్లు చివరి సంఖ్యకు బదులు మొత్తం సంఖ్యే చెబుతాయి. దాన్ని నమ్మి లేని బ్లాకును చదవబోతే పరికరం కొయ్యబారిపోతుంది. అమ్ముడైపోయిన పరికరాన్ని మార్చలేరు కనుక, లినక్స్ యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్‌లో ఇలాంటి వాటికి ఒక పట్టికే ఉంది. అందులో పరికరం సంఖ్యలు, పక్కన 'సామర్థ్యంలోంచి ఒకటి తీసెయ్' అనే గుర్తు ఉంటాయి. ఈ రకం సర్దుబాటును క్వర్క్ అంటారు.

పరికరం మధ్యలో మాయమవడం ఎన్నో బగ్‌లను బయటపెడుతుంది. ఒడిశాలోని గంజాం తీరంలో ఇది పుస్తకాల్లో చదవాల్సిన సంగతి కాదు. కొడల లాంటి చిన్న పట్టణంలో ఒక జిరాక్స్, ఆన్‌లైన్ సేవల దుకాణంలో ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, ప్రింటర్ గోడ ప్లగ్గు మీద. కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే ల్యాప్‌టాప్‌కు తెలియనే తెలియదు. ప్రింటర్ మాత్రం ఆగి, మళ్లీ మొదలై, కొత్త పరికరంలా ముందుకు వస్తుంది. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ లాంటి తుఫాను కరెంటును రోజుల తరబడి తీసేస్తే డ్రైవర్‌కు కష్టం లేదు, అన్నీ కలిసి ఆగుతాయి. సగం ఆగి సగం నడిచే ఆ క్షణమే కష్టం. పాత ప్రింటర్ పోయిందని కెర్నల్ డ్రైవర్‌లోని డిస్‌కనెక్ట్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. డ్రైవర్ తన సమాచారం ఉంచుకున్న మెమరీని విడుదల చేస్తుంది. ఇంతలో ప్రింట్ పంపుతున్న ప్రోగ్రామ్ ఆ పరికరం ఫైలును ఇంకా తెరిచే ఉంచుకుని మరో ముక్క రాస్తుంది. విడుదలైన మెమరీని డ్రైవర్ మళ్లీ తాకుతుంది. ఆ చోటును ఈలోపు వేరెవరైనా వాడుకుంటుంటే వారి డేటా పాడవుతుంది. అదృష్టం బాగుంటే అక్కడికక్కడే ఊప్స్ వస్తుంది. బాగోకపోతే పావుగంట తర్వాత, సంబంధం లేని చోట యంత్రం కూలుతుంది.

దీనికి సరైన మందు మూడు పాళ్లది. మెమరీకి ఎంతమంది వాడుకదారులున్నారో లెక్క ఉంచి, చివరివారు వదిలాకే విడుదల చేయాలి. పరికరం పోయిందనే గుర్తును లాక్ కింద పెట్టి, ప్రతి రాతకూ ముందు దాన్ని చూడాలి. బస్సు మీద ఇంకా తిరుగుతున్న అభ్యర్థనలను, టైమర్లను ముందే రద్దు చేయాలి. లినక్స్‌తో వచ్చే యూఎస్‌బీ నమూనా డ్రైవర్‌లో ఈ పద్ధతి కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు ముందు ఆ ఫైలునే చదవడం మంచిది.

వెతుకులాట

దిద్దుబాటులో ఎక్కువ కాలం కారణం వెతకడానికే పోతుంది. మొదట చూడవలసింది కెర్నల్ లాగ్. అందులోని రుణ సంఖ్యలు ఊరికే పడినవి కావు. మైనస్ 110 అంటే గడువులోగా జవాబు రాలేదు. మైనస్ 32 అంటే చాలాసార్లు యూఎస్‌బీలో పరికరం ఆ అభ్యర్థనను తిరస్కరించింది. మైనస్ 19 అంటే పరికరమే లేదు. మైనస్ 71 అంటే తీగ మీద వచ్చిన సంకేతమే అర్థం కాలేదు. ఈ చివరిది కనిపిస్తే కోడు తెరిచే ముందు కేబుల్ మార్చి చూడాలి, హబ్ తీసేసి నేరుగా తగిలించాలి, పోర్టుకు కరెంటు చాలుతోందో చూడాలి. వదులు కనెక్టర్ కోసం డ్రైవర్ కోడును రెండు రోజులు తవ్వడం ఈ రంగంలో అరుదు కాదు.

తర్వాత ఆ తప్పును కోరినప్పుడల్లా తెప్పించగలగాలి. పది గంటలకోసారి వచ్చే బగ్‌ను దిద్దామని ఎవరూ రుజువు చేయలేరు. లోడు పెంచడం, ప్రాసెసర్ కోర్లు ఎక్కువున్న యంత్రం మీద నడపడం, పరికరాన్ని వరుసగా తీసి తగిలించే స్క్రిప్టు రాయడం, ఇలా దాన్ని పది నిమిషాలకోసారి వచ్చేలా చేస్తే సగం పని అయినట్టే. నిన్నటి వెర్షన్‌లో బాగుండి ఇవాళ్టి దానిలో చెడితే బైసెక్ట్ అక్కరకొస్తుంది. మధ్యలోని మార్పుల వరుసను సగానికి విరిచి, ఆ నడిమి వెర్షన్‌ను పరీక్షించి, తప్పున్న సగాన్ని మళ్లీ విరుస్తూ పోతారు. లినక్స్ ఒక్కో విడుదలలో పది పదిహేను వేల మార్పులుంటాయి. పద్నాలుగు పరీక్షల్లో దోషి అయిన ఒక్క మార్పు తేలుతుంది. కోడు ఒక్క వరుస అర్థం కానివారు కూడా ఈ పని చేసిపెట్టగలరు.

రెండు పనులు ఒకే డేటా కోసం పోటీ పడే రేస్ కండిషన్ దగ్గర మామూలు పద్ధతి పనిచేయదు. లాగ్‌లో ఒక సందేశం రాయించినంత మాత్రాన కాలక్రమం మారి తప్పు మాయమవుతుంది. అలాంటప్పుడు మెమరీలోనే క్లుప్తంగా గుర్తులు రాసుకునే ట్రేసింగ్ సాధనాలు, బస్సు మీది సంభాషణను పట్టే యూఎస్‌బీమాన్, చివరికి తీగల మీద నేరుగా పెట్టే లాజిక్ అనలైజర్ వాడతారు.

2008 నాటి ఈ1000ఈ ఉదంతం

లక్షణం కనిపించిన చోట కారణం ఉండకపోవచ్చనడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. లినక్స్ 2.6.27 పరీక్షా వెర్షన్లు నడుస్తున్న రోజుల్లో, 2008 సెప్టెంబరు నాటికి, ఇంటెల్ ఈథర్‌నెట్ చిప్‌లున్న కొన్ని యంత్రాల్లో నెట్‌వర్క్ చచ్చిపోసాగింది. మళ్లీ ఆన్ చేసినా, పాత కెర్నల్ వేసినా తిరిగి రాలేదు. చిప్ తన మ్యాక్ చిరునామాను, అమరికలను దాచుకునే శాశ్వత మెమరీయే చెరిగిపోయింది. సాఫ్ట్‌వేర్ బగ్ హార్డ్‌వేర్‌ను పాడుచేసిన అరుదైన సందర్భం ఇది. ఆ చిప్ డ్రైవర్ పేరు ఈ1000ఈ. అందరి వేళ్లూ దానివైపే చూపించాయి. పంపిణీదారులు తమ పరీక్షా విడుదలల్లో ఆ డ్రైవర్‌ను ఆపేశారు. ఇంటెల్ ఇంజనీర్లు శాశ్వత మెమరీకి రాత రక్షణ పెట్టే కోడు మార్పులు, అంటే ప్యాచ్‌లు, తయారుచేశారు. కారణం తెలియకముందే నష్టాన్ని ఆపడం అక్కడ సరైన నిర్ణయం. ఒక్కో పరీక్షకూ ఒక్కో బోర్డు బలయ్యే చోట నింపాదిగా బైసెక్ట్ చేస్తూ కూర్చోలేరు.

అసలు దోషి ఎఫ్‌ట్రేస్ అనే కొత్త ట్రేసింగ్ సదుపాయమని అక్టోబరులో తేలింది. అది ప్రతి ఫంక్షన్ మొదట్లో ఉండే ఒక పిలుపు చిరునామాను గుర్తుపెట్టుకుని, తర్వాత అక్కడికి వెళ్లి ఆ పిలుపును ఖాళీ సూచనగా మార్చేది. మాడ్యూళ్లు మొదలయ్యేటప్పుడు ఒక్కసారి మాత్రమే వాడే కోడును కెర్నల్ వెంటనే విడుదల చేస్తుంది. ఆ ఖాళీ అయిన చిరునామాలోకి ఒక్కోసారి ఈ1000ఈ తన చిప్ శాశ్వత మెమరీని మ్యాప్ చేసుకునేది. ఎఫ్‌ట్రేస్ తన పాత చీటీ పట్టుకుని అక్కడికి వచ్చేది. అక్కడ తాను ఆశించిన విలువ ఉంటేనే మార్చే 'పోల్చి మార్చు' సూచన వాడింది కాబట్టి ప్రమాదం లేదనుకున్నారు. ఎక్స్86 ప్రాసెసర్‌లో ఆ సూచన పోలిక కుదరకపోయినా పాత విలువనే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీలో ఉన్నదాన్నే మళ్లీ రాస్తే ఏమీ కాదు. పరికరం రిజిస్టర్ల మీద రాస్తే అది ఆదేశమవుతుంది.

2.6.27 అక్టోబరు 9న విడుదలైంది, వారం తిరక్కుండానే వచ్చిన 2.6.27.1 ఆ సదుపాయాన్ని నిలిపివేసింది. పిలుపుల చిరునామాలను కంపైల్ చేసేటప్పుడే నమోదు చేసుకునే కొత్త పద్ధతి తర్వాతి విడుదలకు వచ్చింది. ఈ1000ఈకి పెట్టిన రాత రక్షణను మాత్రం తీసేయలేదు. డ్రైవర్‌లో తప్పు లేకపోయినా, ఎవరైనా పొరపాటున చెరపగలిగే స్థితిలో శాశ్వత మెమరీని వదలడం బలహీనతేనని ఈ గొడవలో బయటపడింది మరి.

ప్యాచ్, సమీక్ష, పంపిణీ

కారణం తేలాక రాసే ప్యాచ్ వీలైనంత చిన్నదిగా ఉండాలి. పక్కన కనిపించిన అందవికారాన్ని అదే ప్యాచ్‌లో సరిచేయకూడదు. ఏది దేన్ని బాగుచేసిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. అక్కడొక పది మిల్లీసెకన్ల ఆలస్యం పెడితే తప్పు రావడం లేదని తృప్తిపడేవారు చాలామంది. డేటాషీట్ ఆ ఆలస్యాన్ని అడిగితే సరే. అడగకపోతే అది రేస్‌ను దాచడమే, వేగమైన యంత్రం వచ్చినప్పుడు తప్పు తిరిగి లేస్తుంది. లినక్స్‌లో ప్యాచ్‌తోపాటు తప్పు ఎలా కనిపించింది, ఎందుకు వచ్చింది, ఏ పాత మార్పు దాన్ని తెచ్చింది అనేవి రాయాలి. ఆఖరి సంగతిని 'ఫిక్సెస్' వరుసలో పెడతారు. 2005లో మొదలైన స్టేబుల్ శాఖల నిర్వాహకులు దాన్ని చూసే, ఏయే పాత వెర్షన్లకు ఈ దిద్దుబాటు పంపాలో తేల్చుకుంటారు. ఆ డ్రైవర్ బాధ్యత చూసే మెయింటైనర్ చదివి, అడగాల్సినవి అడిగి, ఒప్పుకున్నాకే ప్యాచ్ పైకి వెళుతుంది.

తప్పుల వేటను యంత్రాలకు అప్పగించే సాధనాలు పాతికేళ్లలో బాగా పెరిగాయి. విండోస్ 2000తో వచ్చిన డ్రైవర్ వెరిఫయర్ డ్రైవర్‌ను కావాలనే ఇబ్బంది పెట్టి దాని తప్పును అప్పటికప్పుడే బయటపెడుతుంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు థామస్ బాల్, శ్రీరామ్ రాజమణి నడిపిన స్లామ్ ప్రాజెక్టు, నడపకుండానే కోడును గణితంతో పరిశీలించి డ్రైవర్ లాక్ నియమాలు తప్పుతోందో లేదో చెప్పే సాధనానికి పునాది వేసింది. వారికి 2011లో క్యావ్ అవార్డు దక్కింది. లినక్స్‌లో లాక్‌ల తప్పులను పట్టే లాక్‌డెప్ 2006లో, విడుదలైన మెమరీని తాకగానే పట్టే కాసాన్ 2015లో వచ్చాయి. 2017 నుంచి సిజ్‌బాట్ రాత్రింబవళ్లు కెర్నల్‌కు అడ్డదిడ్డమైన ఇన్‌పుట్‌లు పంపుతూ, బూటకపు యూఎస్‌బీ పరికరాలు తగిలించినట్టు నటిస్తూ తప్పులను నమోదు చేస్తోంది. మెమరీ తప్పులను కంపైలర్ దగ్గరే ఆపే రస్ట్ భాషకు 2022 డిసెంబరులో లినక్స్ 6.1 తలుపు తెరిచింది. 2024లో 6.8 విడుదలలో రస్ట్‌లో రాసిన ఒక చిన్న నెట్‌వర్క్ చిప్ డ్రైవర్ చేరింది.

దిద్దుబాటు యంత్రానికి చేరడం వేరే సమస్య. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రతా డ్రైవర్‌కు వెళ్లిన ఒక డేటా ఫైలు దీన్ని ప్రపంచమంతటికీ చూపించింది. ఆ డ్రైవర్ హార్డ్‌వేర్ కోసం కాకపోయినా, కెర్నల్‌లో నడిచేదే. 21 విలువలు ఆశించే చోట 20 మాత్రమే అందడంతో డ్రైవర్ హద్దు దాటి చదివింది. భారత కాలమానం ప్రకారం ఉదయం 9:39కి వెళ్లిన ఫైలును 10:57కే వెనక్కి తీసుకున్నా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల యంత్రాలు అప్పటికే పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. యంత్రం లేస్తుండగానే డ్రైవర్ కూలుతుంటే నెట్‌వర్క్ మీదుగా సరైన ఫైలును అందుకునే వ్యవధే ఉండదు. చాలా యంత్రాలను మనుషులు ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఫైలును తొలగించవలసి వచ్చింది.

సోర్స్ కోడు, చిన్న పట్టణాలు

డ్రైవర్‌ను ఎవరు దిద్దగలరన్నది సోర్స్ కోడు ఎవరి దగ్గరుందన్న దాన్ని బట్టి ఉంటుంది. 1980 ప్రాంతంలో ఎంఐటీ ప్రయోగశాలకు వచ్చిన జిరాక్స్ లేజర్ ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే వాడుకరులకు కబురు పంపే సదుపాయం చేర్చాలని రిచర్డ్ స్టాల్‌మన్ అనుకున్నాడు. దాన్ని నడిపే కోడు ఇవ్వడానికి నిరాకరించారు. 1983లో ఆయన ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు వెనుక ఉన్న అనుభవాల్లో అదొకటి.

ఆధార్ వేలిముద్రల స్కానర్లు ఇందుకు నేటి ఉదాహరణ. 2017లో వచ్చిన రిజిస్టర్డ్ డివైస్ విధానంలో, వేలిముద్ర సమాచారాన్ని పరికరం తాలూకు అధీకృత సాఫ్ట్‌వేరే సంకేతపరచి సంతకం చేయాలి. ఆ సాఫ్ట్‌వేర్‌ను తయారీదారే మార్చాలి, మార్చినదానికి ధ్రువీకరణ ఉండాలి. భద్రత దృష్ట్యా ఇది అవసరమైన కట్టుబాటే. దాని ఫలితంగా గంజాంలోని సేవా కేంద్రంలో స్కానర్ మొరాయిస్తే అక్కడివారు చేయగలిగింది మళ్లీ ఎక్కించడం, ఫిర్యాదు చేసి ఎదురుచూడటం.

సోర్స్ కోడు అందరికీ తెరిచి ఉండే లినక్స్‌లో సంగతి వేరు. గంజాం జిల్లాలోనే, తెలుగు, ఒడియా రెండూ వినిపించే బరంపురంలో ఈ పని నేర్చుకోవడానికి కావలసినవి చాలావరకు అందుబాటులోనే ఉన్నాయి. 1996లో పాలూరు కొండల దగ్గర మొదలైన నిస్ట్ విద్యాసంస్థ, 2009లో వచ్చిన పర్లా మహారాజా ఇంజనీరింగ్ కళాశాల ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ చదువులు చెబుతున్నాయి. చిప్ కంపెనీల డ్రైవర్ బృందాలున్న హైదరాబాద్, బెంగళూరు చదువు అయ్యాక వెళ్లే చోట్లు. మొదటి దిద్దుబాటుకు అంత దూరం పోనక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్, సోర్స్ కోడు, తప్పు చేస్తున్న ఒక పరికరం చాలు.

ఫిర్యాదు పంపేటప్పుడు కెర్నల్ వెర్షన్, పరికరం రెండు సంఖ్యలు, తగిలించినప్పటి నుంచి కూలేదాకా పూర్తి లాగ్, ఏం చేస్తే తప్పు వస్తుందో, ఏ పాత వెర్షన్‌లో రాలేదో రాయాలి. లాగ్‌ను ఫోనుతో ఫొటో తీసి పంపడం కంటే పాఠంగా పంపడం మేలు. ఊప్స్‌లోని ఫంక్షన్ల వరుసను మెయింటైనర్ తన కోడులో వెతుక్కోవాలి కదా. ఇవన్నీ ఉంటే ఆ పరికరాన్ని ఎన్నడూ చూడని మెయింటైనర్ కూడా ప్యాచ్ రాసి పంపగలడు. అది పనిచేసిందో లేదో చెప్పగలిగేది పరికరం చేతిలో ఉన్నవారే. పరీక్షించి ఫలితం తెలిపినవారి పేరును 'టెస్టెడ్-బై' వరుసలో చేర్చి ఆ ప్యాచ్‌ను కెర్నల్‌లోకి తీసుకుంటారు.